సిఫ్నెట్, విశాఖపట్నం విభాగం

సముద్రపు వేటకు అవసరమైన సాంకేతిక విద్యను యువకులకు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్నెట్. దీని విశాఖపట్నం విభాగం ఫిషింగ్ హార్బర్ సమీపంలో, బీచ్ రోడ్డున ఉంది. కేంద్ర మత్స్య నౌకాయాన, ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ అనే పేరుకు ఆంగ్ల సంక్షిప్త రూపమే సిఫ్నెట్. దీని ప్రధాన కేంద్రం కొచ్చిలోనూ, మరో విభాగం చెన్నైలోనూ ఉన్నాయి. పదో తరగతి ముగిసిన విద్యార్థి ఇంటర్మీడియట్ వైపు వెళ్లకుండా ఇక్కడ రెండేళ్లు చదివి, పడవ నడపడంలోనో, పడవ ఇంజను పనిలోనో వృత్తి ధ్రువపత్రం పొందవచ్చు. మామూలు కళాశాలలతో పోలిస్తే చాలా చిన్నదైన ఈ బడికి తూర్పు తీర మత్స్య పరిశ్రమ చరిత్రలో మాత్రం గౌరవప్రదమైన స్థానం ఉంది.

ఉత్తరాంధ్ర తీరంలో వేట విద్య కొన్ని శతాబ్దాల పాటు తండ్రి నుంచి కొడుకుకు నోటి మాటగానే సాగింది. తెప్ప మీద వెళ్లే జాలరి పగలు ఒడ్డున కనిపించే కొండలను, రాత్రి పిల్లలకోడి, గొల్లకావడి, వేగుచుక్కలను ఆనవాళ్లుగా పెట్టుకొని తిరిగి రేవు చేరేవాడు. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైన తరువాత కూడా ఈ పద్ధతి పెద్దగా మారలేదు.

మార్పు మరపడవలతో వచ్చింది. 1952లో ఐక్యరాజ్యసమితి, నార్వే, భారత ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందంతో కొల్లం తీరంలో మొదలైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు యాంత్రిక వేటకు దారి చూపగా, అలాంటి పడవలను నడిపే మనుషులు, మరమ్మతు చేసే మనుషులు దేశంలో చాలినంత మంది లేరన్న సంగతి అప్పుడే స్పష్టమైంది. మత్స్య విద్యపై కేంద్రం నియమించిన కమిటీ సిఫారసు మేరకు 1963లో కొచ్చిలో కేంద్ర మత్స్య కార్మిక శిక్షణ సంస్థ ఏర్పడింది. నేటి సిఫ్నెట్‌కు మూలరూపం అదే. దాని చెన్నై విభాగం 1968లో వెలిసింది.

విశాఖ వంతు రావడానికి మరో పదమూడేళ్లు పట్టింది. ఆ వ్యవధిలో రెండు ముఖ్యమైన పరిణామాలు జరిగాయి. ఓడరేవు ఆధ్వర్యంలో 1976లో ఫిషింగ్ హార్బర్ ఏర్పడింది. అదే సంవత్సరం పార్లమెంటు చేసిన సముద్ర మండలాల చట్టాన్ని అనుసరించి 1977 జనవరి నుంచి తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఉన్న సముద్రం భారతదేశపు ప్రత్యేక ఆర్థిక మండలం అయింది. అంటే అక్కడి చేపల సంపదపై హక్కు ఈ దేశానిదే. హక్కు చేతికి వచ్చింది గానీ అంత దూరం వెళ్లి వేటాడే ఓడలు, వాటిని నడిపే సిబ్బంది తక్కువగా ఉన్నారు. విదేశీ ఓడల వేటను నియంత్రించే చట్టం వచ్చిన 1981లోనే విశాఖలో ఈ విభాగాన్ని తెరవడం సమయోచితమైన నిర్ణయం. తరువాతి పదేళ్లలో విశాఖ దేశంలోని లోతు సముద్రపు రొయ్యల ట్రాలర్లకు ప్రధాన స్థావరంగా ఎదిగింది. 1990ల తొలినాళ్లకు దేశంలో అలాంటి ట్రాలర్లు దాదాపు 180 ఉండగా వాటిలో అధిక భాగం ఈ రేవు నుంచే బయలుదేరి, హుగ్లీ ముఖద్వారం ఎదుట శాండ్‌హెడ్స్ అనే ఇసుక మేటల దాకా వెళ్లి వేటాడేవి. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన వేట ఓడకు అర్హత పత్రం ఉన్న స్కిప్పర్, ఇంజినీరు ఉండి తీరాల్సి వచ్చేది కాబట్టి, శిక్షణ పొందినవారికి గిరాకీ ఏర్పడింది. స్కిప్పర్ అంటే వేట ఓడ అధిపతి. మన రేవుల్లో సరంగు అని పిలిచే మనిషికి చట్టం ఇచ్చిన హోదా.

ఇక్కడి ప్రధాన కోర్సులు రెండు: పడవ నడిపే పని నేర్పే వెస్సెల్ నావిగేటర్ కోర్సు, ఇంజను పని నేర్పే మెరైన్ ఫిట్టర్ కోర్సు. మొదటి దానిలో విద్యార్థి ముందుగా చార్టు, అంటే సముద్రపు పటం, చదవడం నేర్చుకుంటాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం దిక్సూచిలో ఏ కోణాన ఉందో చూసి పటం మీద ఒక గీత, ఒడ్డున ఉన్న మరో గుర్తును చూసి ఇంకొక గీత గీస్తే, ఆ రెండూ కలిసే చోటే పడవ ఉన్న చోటు. దూరాన్ని మాత్రం పటం పక్క అంచున ఉన్న అక్షాంశాల కొలత మీదే తీయాలి. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలుకు, అంటే 1,852 మీటర్లకు సమానం. రేఖాంశపు నిమిషం భూమధ్యరేఖ నుంచి దూరమయ్యే కొద్దీ కుదించుకుపోతుంది గనుక పై అంచు కొలత పనికిరాదు. జీపీఎస్ వచ్చాక కూడా ఈ పాఠం అవసరమే. యంత్రం ఆగిన రాత్రి సరంగును ఒడ్డు చేర్చేది ఇదే. దీనితో పాటు నీటి లోతు చెప్పే ఎకో సౌండర్ వాడకం, ఓడలు ఢీకొనకుండా పాటించే అంతర్జాతీయ నియమాలు, వల అల్లిక, మరమ్మతు, ట్రాల్ వల నోరు తెరిచి ఉంచే ఆటర్ పలకల అమరిక కూడా నేర్పుతారు. ఫిట్టర్ విద్యార్థులు డీజిల్ ఇంజను విప్పి బిగించడం, వెల్డింగు, లేతు పని, శీతలీకరణ యంత్రాల నిర్వహణ అభ్యసిస్తారు. తరగతి గది చదువుతో సరిపెట్టకుండా శిక్షణ ఓడల మీద సముద్రంలోకి తీసుకుపోవడం ఈ సంస్థ విద్యలో మెచ్చదగిన అంశం.

1990ల మధ్య నాటికి లోతు సముద్రపు ట్రాలర్ల వ్యాపారం దెబ్బతింది. రొయ్యల దిగుబడి తగ్గడం, డీజిలు ఖర్చు పెరగడం, అప్పులు తీరకపోవడంతో అనేక ఓడలు రేవులోనే నిలిచిపోయాయి. విదేశీ కంపెనీలతో ఉమ్మడి వేటను మత్స్యకార సంఘాలు దేశవ్యాప్తంగా ప్రతిఘటించగా, కేంద్రం నియమించిన మురారి కమిటీ 1996లో అలాంటి వేట అనుమతుల రద్దును సిఫారసు చేసింది. ఆ తరువాత హార్బర్‌లో ప్రాధాన్యం చిన్న ట్రాలర్లకు, మరపడవలకు, ట్యూనా గాలాల వేటకు మళ్లింది. 2019లో కేంద్రంలో మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల మంత్రిత్వ శాఖ ఏర్పడినప్పటి నుంచి సిఫ్నెట్ దాని పరిధిలో ఉంది.

గణితం, సైన్సు సబ్జెక్టులతో పదో తరగతి ఉత్తీర్ణులైనవారు ఈ రెండేళ్ల కోర్సులకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. కోర్సు పూర్తయ్యాక నిర్ణీత కాలం సముద్రంలో పనిచేసినవారు మర్కంటైల్ మెరైన్ శాఖ జరిపే అర్హత పరీక్షలకు హాజరై, మెట్టుమెట్టుగా మేట్, స్కిప్పర్, ఇంజినీరు హోదాలను చేరుకోవచ్చు.