చాందా కోట: మనోళ్లు కట్టిన నగరం



ఆదివాసీ అంటే అడవి, గుడిసె అంతే అనే మాట చిన్నప్పట్నుంచి వింటున్నం. అందుకే ఆసిఫాబాద్ నుంచి బండ్ల మీద వాంకిడి, రాజురా మీదుగా చంద్రపూర్ చూసి వచ్చినం. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండె. సరిహద్దు తర్వాత గీసింది, చుట్టరికాలు అంతకు ముందువి.

రాజురా దాటినంక వార్ధా నది, ఆవలి ఒడ్డున బల్లార్‌పూర్ కోట. గోండు రాజుల పాత రాజధాని అది. అక్కడి నుంచి రాజధానిని చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు మార్చింది ఖాండ్క్యా బల్లాళ్ షా అని చెప్తరు.

పాత ఊరి చుట్టూ రాతి గోడ, జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బిన్బా అని నాలుగు దర్వాజలు. జట్‌పురా దర్వాజ మీద ఏనుగును అణచిన సింహం గోండు రాజచిహ్నం. భర్త బీర్ షాకు రాణి హీరాయి కట్టించిన సమాధి ఇంకా నిలిచి ఉంది.

1751లో రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. బ్రిటిషోళ్ల మీద తిరగబడ్డ బాబూరావు షెడ్మాకేను 1858 అక్టోబర్ 21న ఈ ఊరి జైలులోనే ఉరి తీసిన్రు.

నగరం కట్టినోళ్ల పిల్లలం, ఇయ్యాల పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నం. మన చరిత్ర మనకు తెలిస్తేనే అడిగే గొంతు గట్టిగ ఉంటది. సెలవుల్లో తమ్ముళ్లను, చెల్లెళ్లను తీస్కపోయి ఆ దర్వాజలు చూపించున్రి.