ముంగిటికి వచ్చిన గ్రంథాలయము

పిల్లలకు ఇంటిపట్టుననే చదువు చెప్పుకొనెడి తలిదండ్రులకు పాఠ్యగ్రంథములు సంపాదించుట అంత దుష్కరము కాదు; పసిమనస్సునకు పుష్టినిచ్చు కథాగ్రంథములను వెదకి తెచ్చుటయే దుష్కరము. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున, ఇంచుమించుగా ఒకే కాలమున సాగిన రెండు ప్రయత్నములను పరికించినచో ఈ భేదము స్పష్టమగును.

బాల్టిమోరు నగరమునందలి కాల్వర్టు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన వర్జిల్ హిల్లియరు, బడికి రాజాలని బాలురకై పాఠములను, వానిని బోధించు విధానముతో సహా, తపాలా ద్వారా ఇండ్లకు పంపు ఏర్పాటును 1906లో నెలకొల్పెను. బోధనానుభవము లేని తల్లి సైతము ఆ పాఠములను చేతబట్టుకొని బిడ్డకు క్రమముగా చదువు చెప్పుకొనగలిగెను. అయితే రుసుము చెల్లింపగలవారికే ఆ సౌకర్యము.

అదే రాష్ట్రమున హేగర్సుటౌను పట్టణమునందు, 1901లో ప్రజలకు తెఱవబడిన వాషింగ్టను కౌంటీ గ్రంథాలయమునకు అధికారిణి మేరీ టిట్‌కంబు. ఆమె మొదట పల్లెల అంగళ్లలోను, తపాలా కచేరీలలోను పుస్తకముల పెట్టెల నుంచెను గాని, దూరదూరముగ విసరివేయబడినట్లున్న సేద్యగాండ్ర ఇండ్లకు అవియు అందవని గ్రహించి, 1905లో జంటగుఱ్ఱముల పుస్తకశకటము నొకదానిని కట్టించెను. దాని వెలుపలి ప్రక్కల అరలు, లోపల పెట్టెలు. చూచుటకు ఇంటింటికి సరకులు చేర్చు అంగడిబండి వలె నుండెను. గ్రంథాలయ భవనమును కనిపెట్టుకొని యుండిన జాషువా థామసే దానికి సారథి. బండి వర్ణపు గాంభీర్యమును చూచి, అది శవవాహనమని భ్రమించిన ఒక పల్లెటూరి ఇల్లాలు, తమ ఇంట దానితో పనిలేదని కేకవేసెనట! వెంటనే చక్రములకు ఎఱ్ఱరంగు పూయించిరి. 1910లో రైలుబండి తాకిడికి ఆ శకటము తునాతునకలైనను, 1912లో మోటారుబండి దాని పనిని చేపట్టెను.

మన దేశమున 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించుటయు, పుస్తకమునే పాఠకుని ముంగిటికి చేర్చవలెనను ఈ ధర్మము ననుసరించియే. పాఠములు తపాలాలో రావచ్చును. కథలయందలి అభిరుచి మాత్రము, నాలుగు పుస్తకములు తిరుగవేసి నచ్చినదానిని పుచ్చుకొను స్వాతంత్ర్యము వలననే అలవడును. కావున ఇంటిచదువు పిల్లలకై ప్రత్యేక గ్రంథాలయములు నెలకొల్పగోరువారు భవనమును గూర్చి చింతించుటకు పూర్వము, పిల్లల చేతికందు అరలను గూర్చియు, వారి రుచి నెఱిగి పుస్తకము చూపగల మనిషిని గూర్చియు ఆలోచించుట యుక్తము.