హేమంతప్రీతి: పంచవటియందలి యొక ప్రాతఃకాలము

ఉష్ణదేశవాసులకు శీతకాలము సహజముగాఁ బ్రియమైనది కాదు. అది ప్రియమగుటకుఁ గొంత యభ్యాసము వలయును. ఆ యభ్యాసమునకుఁ బ్రాచీనసాహిత్యమున రెండు త్రోవలు కానవచ్చుచున్నవి. శీతమును గృహమునకు వెలుపల నుంచుట మొదటిది. కాళిదాసకృతమని ప్రసిద్ధమైన ఋతుసంహారమున 5వ సర్గమందలి శిశిరవర్ణన మీ త్రోవకుఁ జెందినది. గవాక్షములు మూసిన యిల్లు, అగ్ని, ఎండ, దళసరి వస్త్రములు, ప్రియజనసాన్నిధ్యము: ఇవియే యందలి సుఖములు. అచ్చట ననుభవింపఁబడునది శీతము గాదు, శీతనివారణము. శీతమున కెదురేఁగి దానిని జూచుట రెండవ త్రోవ. దీని కుత్తమోదాహరణము శ్రీమద్రామాయణమున అరణ్యకాండమందలి 16వ సర్గము.

శరత్తు గడచి హేమంతము ప్రవేశించినది. ఒకనాఁడు వేకువను రాముఁడు స్నానార్థము గోదావరికిఁ బోవుచుండెను. సీతయు, కలశము చేఁబూనిన లక్ష్మణుఁడును వెంట నుండిరి. (ఈ పంచవటి నాసికయొద్దిదని పలువు రనుచుండ, భద్రాచలప్రాంతమందలి పర్ణశాలయే యీ కథాస్థలమని తెలుఁగువారి విశ్వాసము.) అపుడు లక్ష్మణుఁడు, అన్నకుఁ బ్రియమైన ఋతువు వచ్చినదని దానిని వర్ణింప మొదలిడెను. ప్రియమన్నది రామునికిఁ గాని తనకని యతఁడు చెప్పలేదు. కష్టమును మఱుఁగుపఱుపనును లేదు. మంచుచే జనుల దేహములు బిరుసెక్కినవి. నీరు సుఖము గాదు, అగ్నియే సుఖము. దప్పిగొన్న యడవియేనుఁగు చల్లని నీటిని దొండముతో నంటి వెంటనే వెనుకకుఁ దీసికొనుచున్నది. నీటిపక్షులు, యుద్ధమునకు వెఱచిన పిఱికివారివలె, నీట దిగక యొడ్డుననే యున్నవి. చంద్రుఁ డూపిరి తగిలి మసకవాఱిన యద్దమువలె నున్నాఁడు. అయినను మధ్యాహ్నపుటెండ నడకకు హాయి. నిండిన వరివెన్నులు ఖర్జూరపుష్పములవలెఁ గొంచెము వంగి శోభిల్లుచున్నవి. జనులు క్రొత్తధాన్యముతోఁ బితృదేవతల నర్చించుచున్నారు. తెలుఁగునాట నేఁటికిని పుష్యమాసమున భోగిమంటయు, క్రొత్తబియ్యపుఁ బొంగలియు నీ భావమునకు దూరములు గావు. తలుపు మూసికొని కూర్చుండినవానికి లక్ష్మణుఁడు చూచినవానిలో నొక్కటియు లభింపదు.

వైద్యశాస్త్రమును హేమంతమును శత్రువుగా నెంచలేదు. 7వ శతాబ్దప్రాంతమువాఁడని తలఁపఁబడు వాగ్భటుఁడు అష్టాంగహృదయమున, నీ ఋతువునందు జఠరాగ్ని ప్రబలమగునని చెప్పి, మధురామ్లలవణరసములను, దైలాభ్యంగమును, మితమైన యాతపసేవను, గంబళాదులను విధించెను. కాని యీ సామగ్రి యెల్లరకుఁ గలదా? హాలుని సంకలనమని ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో నొక కాఁపు, చలి ముదిరిన మాఘమాసముననే, తన పైవస్త్రము నిచ్చి యెద్దును గొనెను. భార్య వెచ్చదనము చాలునని యతని ధీమా. కవి దీనిని శృంగారచమత్కారముగాఁ జెప్పెను. అయినను సేద్యమున కెద్దు, దేహమునకు దుప్పటి యను రెంట నొక్కటియే సాధ్యమైన సంసార మందుఁ గానవచ్చుచున్నది.

వాల్మీకియు హేమంతశోభతోడనే ముగింపలేదు. వర్ణనము చివర లక్ష్మణునికి భరతుఁడు జ్ఞప్తికి వచ్చెను. భోగములను విడిచి యతఁ డీ చలిలో నేలపైఁ బరుండుచున్నాఁడు. ఈ వేళకే సరయువునకు స్నానమునకుఁ బోవుచుండును. సుకుమారుఁడైన యతఁ డా నీట నెట్లు మునుఁగునో! ఈ తలఁపు కైకేయీనిందకుఁ దారితీసెను. రాముఁ డా నిందను వారించి, భరతుని కథయే చెప్పుమనెను.

ఈ ప్రసంగము ఋతువర్ణనమున నప్రస్తుతముగాఁ దోఁపవచ్చును. విచారింపఁగా నిదియే వర్ణనమునకు ఫలము. గోదావరిచలి నెఱిఁగినవాఁడు గావుననే లక్ష్మణుఁడు సరయువుచలి నెఱింగెను. గవాక్షము మూసికొని పొందిన సుఖమున నొరుల చలి స్ఫురింపదు. వెలుపలికి వచ్చి చూచిన కన్నులకే యది కానవచ్చును. కాఁబట్టి యీ సర్గమును బాఠముగాఁ జెప్పువారు మంచును, వరివెన్నులను వివరించి భరతుని విడిచిపెట్టినచో సగమే చెప్పినవారగుదురు. హేమంతమును బ్రేమించుట యనఁగాఁ జలిని మఱచుట గాదని వాల్మీకి యభిప్రాయము.