సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా

సీలేరు నది మీద డొంకరాయి ఆనకట్ట చేసే పని ముఖ్యంగా నీటిని ఆపి పెట్టడం. ఎగువ సీలేరులో టర్బైన్లు తిప్పి వదిలిన నీరు ఇక్కడికి చేరి నిలుస్తుంది. అవసరం వచ్చినప్పుడు ఆనకట్ట పాదాన ఉన్న 25 మెగావాట్ల యంత్రాన్ని తిప్పి, పవర్ కెనాల్‌లో పడి, కొండల అంచు వెంట సాగి, దిగువ సీలేరులో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగింటిని నడుపుతుంది. దీపాలు పెట్టే వేళకు వాడకం ఒక్కసారిగా పెరిగితే జలవిద్యుత్ కేంద్రాన్ని నిమిషాల్లో నడపవచ్చు, అవసరం తీరగానే ఆపవచ్చు. కరెంటు పద్దుల్లో ఆగి ఉన్న యంత్రాన్ని ఎవరూ పనిలేనిదిగా రాయరు. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండటమే ఒక సేవ అని విద్యుత్ రంగం ఏనాడో ఒప్పుకుంది. స్థిర ఛార్జీ అనే మాట పుట్టింది అందుకే. అదే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మారిపోతుంది. బస్సు కదిలితేనే డ్రైవరు పనిచేసినట్టు, రైలు బయలుదేరితేనే లోకో పైలట్ పనిచేసినట్టు, విమానం లేస్తేనే పైలట్ పనిచేసినట్టు లెక్క కట్టే అలవాటు వందేళ్లుగా మనతోనే ఉంది. వాహనం నడిపేవాళ్ల అలసట చరిత్రను ఎక్కువమంది ఎన్ని గంటలన్న తగాదాగానే చదువుతారు. నాకు మాత్రం అది గడియారం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్న తగాదాగా కనిపిస్తుంది.

డొంకరాయికి చేర్చే దారి సంగతే చూడండి. విశాఖ నుంచి భద్రాచలం వెళ్లే బస్సు నర్సీపట్నం, చింతపల్లి, గూడెం కొత్తవీధి, సీలేరు మీదుగా ఇక్కడికి వచ్చి, మోతుగూడెం, చింతూరు వైపు దిగుతుంది. ఈ కొండల్లో తొలి ఘాట్ రోడ్లు వేసినప్పుడు కొండవాళ్ల సమయాన్ని లెక్కలోకే తీసుకోలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి మన్యం జనాన్ని రోడ్డు పనిలోకి తోలిన తీరు 1922 తిరుగుబాటు కారణాల్లో ఒకటని చరిత్రకారులు రాశారు. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. నలభై ఏళ్ల తర్వాత రోడ్ల మీద బస్సులు నడిపేవాళ్ల కోసం చట్టం వచ్చింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదు గంటల పనికి అరగంట విరామం ఉండాలంది. మొదటి ట్రిప్పు నుంచి చివరి ట్రిప్పు దాకా మొత్తం పరిధి, డిపోల్లో స్ప్రెడ్ ఓవర్ అనేది, 12 గంటలు దాటకూడదంది. మంచి చట్టమే. కానీ పని గంటలంటే ఏమిటో చెప్పే చోట ఒక చిన్న గీత గీసింది. టెర్మినల్ దగ్గర ఊరికే హాజరై ఉన్న సమయం 15 నిమిషాల లోపైతేనే పని గంటల్లో చేరుతుంది. పదిహేను నిమిషాలు నిండితే డ్రైవరు చట్టం దృష్టిలో విశ్రాంతిలో ఉన్నట్టే. కొండ ఊరి కూడలిలో, పడుకోవడానికి గది లేని చోట, తాళంచెవి జేబులో పెట్టుకుని బస్సు దగ్గరే కూర్చున్న మనిషి విశ్రాంతిలో ఉన్నాడని ఆ గీత చెబుతుంది. ఘాట్ మలుపుల్లో అతని కళ్లు చెప్పేది వేరు.

ఇలాంటి గీత రవాణా చట్టంలో కొత్తగా పుట్టలేదు, అంతకు ముందే రైల్వేల్లో ఉంది. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రపంచానికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని తీర్మానించినప్పుడు బ్రిటిష్ ఇండియాకు వారానికి 60 గంటల మినహాయింపు ఇచ్చారు. రైల్వే చట్టంలోకి పని గంటలు ఎక్కింది 1930లో. ఎడతెగని పనికి వారానికి సగటున 60 గంటలు, ఆగి ఆగి జరిగే పనికి 84 గంటలు. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు వీటిని తగ్గించి, మామూలు పనికి 54, ఆగి ఆగి జరిగే పనికి 75 చేసింది. అంకెలు తగ్గాయి, విభజన మాత్రం పోలేదు. రెండు రైళ్ల మధ్య గేటు కాపలాదారు చూసే ఎదురుచూపు పనిలో పూర్తి భాగం కాదన్న ఊహ ఆ తీర్పులోనూ నిలిచింది. ఆ ఎదురుచూపులో అతను నిద్రపోతే మాత్రం అది నేరం. ఒకే గంట శిక్ష వేసేటప్పుడు పని, జీతం లెక్కవేసేటప్పుడు సగం పని.

అరకు కొండల్లో ఈ తగాదా మరీ పదునెక్కింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. వేల టన్నుల ఖనిజంతో ఘాట్ దిగే రైలులో బ్రేకు మీద చేయి, సిగ్నల్ మీద కన్ను ఒక్క క్షణం కూడా మళ్లడానికి వీల్లేదు. అది గూడ్సు రైళ్ల లైను, గూడ్సుకు కచ్చితమైన వేళలుండవు. లూప్ లైన్లో ఎంతసేపు పడి ఉంటుందో, ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ ఇంటికి ఏ రాత్రి వస్తాడో తెలియని మనిషి, పగలు పడుకున్నా ఒక చెవి తలుపు మీదే పెట్టుకుంటాడు. దేశమంతటా పద్నాలుగు, పదహారు గంటలు ఇంజిన్ మీద ఉండటం మామూలైపోయిన ఆ రోజుల్లో, 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మెకు దిగారు. వాళ్ల కోరికలో కేవలం పది గంటలన్న అంకె లేదు. 'సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా పది గంటలు' అన్నారు. పుస్తకంలో సంతకం పెట్టి డ్యూటీ ఎక్కిన నిమిషం నుంచి సంతకం పెట్టి దిగే నిమిషం దాకా. ఆ ఆగస్టులో ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత వచ్చిన ఆదేశాలలో పది గంటలన్న మాట మిగిలింది, గడియారం మాత్రం జరిగింది. రైలు కదిలినప్పటి నుంచి పది గంటలు, సంతకం నుంచైతే పన్నెండు. ఇంజిన్‌ను పరీక్షించి, సిగ్నల్ కోసం కాచుకున్న సమయమంతా ఆ రెండు గంటల తేడాలో ఇమిడిపోయింది. 2016లో రెండూ ఒక్కో గంట తగ్గి తొమ్మిది, పదకొండు అయ్యాయి. తేడా మాత్రం అలాగే ఉంది. గెలిచిన సమ్మెలో అంకె దక్కింది, దేనికోసం పోరాడారో అది సగమే దక్కింది. మన కార్మిక చరిత్రలో ఈ వివరానికి రావలసినంత చోటు రాలేదని నా అభిప్రాయం.

విమానాల దగ్గరికి వస్తే ఇదే కథ వేగంగా, ఎక్కువ ప్రాణాలను పణంగా పెట్టి నడిచింది. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్ ముందు రాత్రి సియాటిల్ నుంచి వేరే విమానాల్లో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. ఆ ప్రయాణం ఏ చార్టులోనూ లేదు. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది పోయారు. కాక్‌పిట్ రికార్డరులో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రపోతున్న శబ్దం ఉంది. నిద్ర లేచీ లేవగానే మెదడుకు పట్టే మాంద్యం దిగే వేళ అతని నిర్ణయాన్ని దెబ్బతీసిందని విచారణ సంఘం తేల్చింది. మళ్లీ పైకి లేపమని కో-పైలట్ చెప్పినా వినలేదు. రాత్రి బయలుదేరి తెల్లవారుతుండగా దిగే ఆ ప్రయాణం, దేహం నిద్ర కోసం మొరపెట్టే గంటల మీదుగా సాగింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. మంగళూరు సిబ్బంది డ్యూటీ గంటల పరిమితి దాటలేదు. కెప్టెన్ సెలవు ముగించుకుని వచ్చినవాడే. నిబంధన పాటించినా ప్రమాదం ఆగలేదు కదా, మరి గంటలు లెక్కపెట్టి ఏం లాభం అని అడగవచ్చు. నా జవాబు ఏమిటంటే, ఆ నిబంధన ప్రధానంగా గంటల పొడవునే కొలిచింది, గంట ఏ వేళ వచ్చిందో అంతగా పట్టించుకోలేదు. పగటి గంటా, తెల్లవారుజాము గంటా దాదాపు ఒక్కటే అనుకుంది. భారత విమానయాన నియంత్రణ సంస్థ 2007లో కొత్త నిబంధనలు తెచ్చి, విమాన సంస్థలు అభ్యంతరం చెప్పడంతో 2008లో పక్కన పెట్టింది. 1992 నాటి సర్క్యులరే మళ్లీ చెల్లింది. మంగళూరు ప్రమాదం జరిగింది ఆ వెనక్కి తిరిగిన కాలంలోనే. ఆ నిబంధనలుంటే ప్రమాదం తప్పేదని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. రాత్రి గురించి వేరే లెక్క ఉండాలన్న ఆలోచనను మనం చేతులారా వాయిదా వేశామన్నది మాత్రం నిజం. 2024 జనవరి నిబంధనలు వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచాయి. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఐదు దాకా కాదు, ఆరు దాకా అన్నాయి. రాత్రి ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. ఇవీ వెంటనే అమలు కాలేదు. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాక 2025 జూలై 1న ఒక విడత, నవంబర్ 1న మరో విడత వచ్చాయి.

తర్వాత జరిగింది అందరికీ గుర్తుంది. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయ్యాయి. 5వ తేదీన ఒక్కరోజే వెయ్యికి పైగా. శంషాబాద్‌లో, విశాఖలో జనం సామాన్ల పక్కనే పడుకున్నారు. నిబంధనే ఈ కష్టం తెచ్చిందన్నారు, నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి తాత్కాలిక మినహాయింపు కూడా ఇచ్చింది. ఆ ప్రయాణికుల బాధ చిన్నది కాదు, పెళ్లిళ్లూ చావులూ తప్పిపోయినవాళ్లకు నిబంధనల చరిత్ర చెప్పి ఓదార్చలేం. కానీ దాదాపు రెండేళ్ల ముందే ప్రకటించిన నిబంధన అది. తమ ప్రణాళికలో లోపాలున్నాయని ఆ సంస్థే ఒప్పుకుంది. రద్దయిన విమానాల్లో చాలా వాటి వేళలు పాత విశ్రాంతి లెక్క మీద అల్లినవి. ఆ సంస్థ చౌక టికెట్లు, సమయపాలన ఎవరి నిద్ర నుంచి వచ్చాయో ఆ వారంలో బయటపడింది.

లక్షల జీతం తీసుకునే పైలట్‌నీ ఆర్టీసీ డ్రైవరునీ ఒకే గాట కట్టడం న్యాయమా అని ఇంకొకరు అడుగుతారు. జీతాల్లో, గౌరవంలో తేడా చాలా ఉంది. పైలట్‌కు కోర్టుకు వెళ్లే సంఘం ఉంది, హోటల్ గది ఉంది. కానీ కునుకు జీతం చూసి రాదు. తేడా ఉంటే అది నా వాదనను బలపరుస్తుంది. అంత బలమున్న పైలట్లకే తమ గంటలు లెక్కలోకి తేవడానికి ఇన్నేళ్లు పట్టింది. మరి కొండ దారిలో బస్సు నడిపేవాడి గంటలను ఎవరు తెస్తారు? వేచి ఉన్న ప్రతి నిమిషానికీ జీతమిస్తే డొంకరాయి లాంటి చోట్లకు బస్సే ఆగిపోతుందన్న భయం మాత్రం ఉత్త భయం కాదు. ఈ రూట్లలో టికెట్ల రాబడి తక్కువ. అయితే ఆ ఖర్చు ఇప్పుడూ ఉంది, దాన్ని డ్రైవరు నిద్రలోంచి తీస్తున్నాం, అంతే. కొండవాళ్లు ఆసుపత్రికీ సంతకూ వెళ్లడానికి ఆ బస్సు ఉండాలనుకుంటే ఆ వేచి ఉండే గంటల ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఆగి ఉన్న టర్బైన్ ఖర్చును మనం కరెంటు బిల్లులో భరిస్తూనే ఉన్నాం.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. పని గంటల వివరణ దగ్గర చూస్తే, టెర్మినల్ దగ్గర ఊరికే హాజరై ఉన్న సమయం 15 నిమిషాల లోపైతేనే పని అన్న ఆ పాత గీత, 64 ఏళ్ల తర్వాత, చెక్కు చెదరకుండా అక్కడే ఉంది.