నలభై రెట్ల లెక్క

న్యూయార్క్‌లో ఫ్లాట్ అద్దెకు కావాలంటే చాలామంది యజమానులు మొదట అడిగేది ఒకే లెక్క: ఏడాది జీతం నెల అద్దెకు నలభై రెట్లు ఉందా? అద్దె 3,000 డాలర్లయితే 1,20,000 డాలర్ల జీతం చూపించాలి. అంత లేకపోతే హామీదారుణ్ణి తెచ్చుకోవాలి, ఆయన ఆదాయం ఎనభై రెట్లు ఉండాలంటారు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు కుర్రాళ్లకు ఆ దేశంలో అంత జీతమున్న చుట్టం ఎక్కడ దొరుకుతాడు? అందుకే చాలామంది హడ్సన్ నది దాటి జెర్సీ సిటీలో నలుగురు కలిసి ఒక ఇల్లు తీసుకుంటారు.

పన్నెండు నెలల అద్దెను నలభై నెలల అద్దెతో భాగిస్తే తేలేది 30 శాతం. పన్నులు కోయకముందు జీతంలో అద్దెకు పోవలసిన వాటా ఇది. ఈ రోజు అద్దెదారుణ్ణి గుమ్మం దగ్గర ఆపుతున్న ఈ గీతను, ఒకప్పుడు పేదవాడి అద్దె ఇంతకు మించకూడదని గీశారు.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో కార్మికుడికి కూలి వారం వారం అందేది. నెల అద్దెకు ఒక వారం కూలి అన్నది అప్పటి వాడుక లెక్క. అంటే దాదాపు పావు వంతు.

అదే కాలంలో యూరప్‌లో గణాంక శాస్త్రజ్ఞులు కుటుంబాల ఖర్చుల లెక్కలు సేకరించి చూడసాగారు. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికయ్యే వాటా పెరుగుతుందని 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ చూపించాడు. ఇంటద్దె విషయంలోనూ అంతేనని 1868లో బెర్లిన్ నగర లెక్కలతో హెర్మన్ ష్వాబె తేల్చాడు. మసాచుసెట్స్ కార్మిక గణాంక కార్యాలయం అధిపతి కారొల్ రైట్ 1875లో 397 కార్మిక కుటుంబాల ఖర్చులు పరిశీలించాడు. ఎంగెల్ సూత్రాలను అమెరికన్లకు పరిచయం చేస్తూ, ఆదాయం ఎంతైనా అద్దె వాటా మారదన్న మాటను కూడా ఆయన ఖాతాలోనే వేశాడు. ఎంగెల్ ఆ మాట అననే లేదు. అయినా అందరికీ ఒకే శాతం సరిపోతుందన్న నమ్మకానికి ఆ పొరపాటు ఊతమిచ్చింది.

1937లో అమెరికా ప్రభుత్వం పేదలకు ఇళ్లు కట్టించే చట్టం తెచ్చింది. అద్దెకు ఐదు రెట్లకు మించిన ఆదాయం ఉన్నవారికి ఆ ఇళ్లు దక్కేవి కావు, పిల్లలు ఎక్కువున్న కుటుంబాలకు ఆరు రెట్లు. ఇళ్లు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది గానీ వాటి నిర్వహణ అద్దెల మీదే నడవాలి. ఇళ్లు పాతబడి ఖర్చులు పెరిగేసరికి అద్దెలూ పెరిగాయి. కొన్ని కుటుంబాల ఆదాయంలో సగానికి పైగా అద్దెకే పోయింది. 1969లో సెయింట్ లూయిస్‌లో ప్రభుత్వ గృహాల్లో ఉన్నవారు నెలల తరబడి అద్దె కట్టకుండా సమ్మె చేశారు. ఆ ఏడాదే సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ చొరవతో, ఈ ఇళ్లలో అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదని చట్టం వచ్చింది.

1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చులు కోస్తూ ఆ 25ను 30 చేసింది. బడ్జెట్‌లో పొదుపు కోసం మార్చిన ఆ అంకే తర్వాత ఇల్లు భారమా కాదా అని తేల్చే జాతీయ కొలత అయింది. ఇప్పుడు ప్రైవేటు యజమానుల చేతిలో నలభై రెట్ల షరతు కూడా అదే 30 శాతం చెబుతోంది. 1937లో ఆదాయం ఎక్కువైతే ఇల్లు దక్కేది కాదు. ఇప్పుడు తక్కువైతే దక్కదు.

ఈ కొలతలోని లోపాన్ని బోస్టన్‌కు చెందిన మైఖేల్ స్టోన్ 1993లో వచ్చిన ‘షెల్టర్ పావర్టీ’ పుస్తకంలో విడమరిచి చెప్పాడు. అద్దెకు ఎంత శాతం పోయిందో కాదు, అది కట్టాక తిండికీ బట్టకూ మందులకూ ఎంత మిగిలిందో చూడాలన్నది ఆయన వాదన. నెలకు 10,000 డాలర్లు వచ్చే ఒంటరి ఉద్యోగి 30 శాతం అద్దె కట్టినా 7,000 మిగులుతాయి. 3,000 వచ్చే నలుగురున్న కుటుంబం అంతే శాతం కడితే మిగిలేది 2,100.

అవసరాల నుంచి లెక్క మొదలుపెట్టడం మన దేశానికి కొత్త కాదు. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి నియమాలు రాసినప్పుడు శాతంతో మొదలుపెట్టలేదు. రోజుకు 2,700 కేలరీల తిండి, నలుగురికి ఏడాదికి 72 గజాల బట్ట, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకంలోని కనీస వైశాల్యానికి తగిన అద్దె లెక్కగట్టి, వంటచెరకు, దీపం వంటి ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం కేటాయించింది. ఇంటి భత్యానికి వచ్చేసరికి మాత్రం శాతమే మిగిలింది. ఏడో వేతన సంఘం తర్వాత హైదరాబాద్ సహా ఎనిమిది పెద్ద నగరాల్లో కేంద్ర ఉద్యోగికి మూల వేతనంలో 24 శాతం ఇచ్చారు. కరవు భత్యం 50 శాతానికి చేరడంతో 2024లో అది 30 అయింది. నలుగురున్న కుటుంబానికి తిండికీ బట్టకూ ఇంటికీ ఎంత కావాలో 1957 నాటి పద్ధతి ముందు అడిగేది. ఇల్లు వెతుక్కునేవారు గానీ జీతం నిర్ణయించేవారు గానీ మొదట వేసుకోవలసిన లెక్క ఇప్పటికీ అదే.