బ్లెన్‌హైమ్ కోడలు తెచ్చిన కట్నం

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర వుడ్‌స్టాక్ అని చిన్న ఊరుంది. ఆ ఊరి పక్కనే బ్లెన్‌హైమ్ ప్యాలెస్. ఇప్పుడు అక్కడ పెళ్ళిళ్ళకు అద్దెకిస్తారు. మనవాళ్ళ పిల్లలు కూడా "వెయ్యి మంది వద్దు, నలభై మంది చాలు, కానీ ఇలాంటి చోట చేసుకుంటాం" అంటున్నారు. ఫొటోల్లో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన ఒక అమ్మాయి కథ కూడా తెలుసుకోవాలి కదండీ.

1704లో బ్లెన్‌హైమ్ అనే చోట జరిగిన యుద్ధంలో గెలిచినందుకు, సేనాపతి జాన్ చర్చిల్‌కు ఆన్ రాణి ఈ స్థలం బహుమతిగా ఇచ్చింది. 1705లో కట్టడం మొదలైంది. కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. పెద్ద ఇంటి పైకప్పు కారితే ఏమవుతుందో మన మండువా ఇళ్ళు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. వంద డెబ్భై ఏళ్ళు తిరిగేసరికి ఆ వంశం వస్తువులు అమ్ముకోవడం మొదలుపెట్టింది. 1875లో చెక్కిన రత్నాల సేకరణ పోయింది. 1880లలో గ్రంథాలయం పోయింది. 1885లో రఫేల్ గీసిన మేరీమాత చిత్రాన్ని లండన్ నేషనల్ గ్యాలరీకి 70,000 పౌండ్లకు అమ్మారు. ఇక మిగిలింది ఒకటే: పెళ్ళీడు కొడుకు, అతని బిరుదు.

తొమ్మిదో డ్యూక్‌కు చూసిన సంబంధం న్యూయార్క్‌లోని వాండర్‌బిల్ట్ వారి అమ్మాయి, కాన్సువేలో. రైలుమార్గాల మీద గడించిన కుటుంబం. ఆ పిల్ల మనసులో వేరే అబ్బాయి ఉన్నాడు. తల్లి ఆల్వా ఒప్పుకోలేదు. కూతుర్ని ఇంట్లో కట్టడి చేసింది. తన గుండె జబ్బు గురించి చెప్పించి, "నీవల్ల అమ్మ ప్రాణం పోతుంది" అన్నంత వరకూ తెచ్చింది. ఈ మాట మన ఇళ్ళల్లో విననిదా?

1895 నవంబరు 6న న్యూయార్క్ చర్చిలో పెళ్ళయింది. పెళ్ళికూతురికి 18 ఏళ్ళు. ఒప్పందం ప్రకారం కట్నం 25 లక్షల డాలర్ల విలువైన రైల్వే వాటాలు, వాటి మీద ఏటా 4 శాతం రాబడి. భార్య ఆస్తి భార్యదేనని ఇంగ్లండులో 1882లోనే చట్టం వచ్చింది. కానీ పెద్దలు కూర్చుని రాసుకున్న కాగితం ముందు చట్టం ఏం చేస్తుంది! ఆ డబ్బుతో బ్లెన్‌హైమ్‌కు మళ్ళీ కళ వచ్చింది.

అమ్మాయికి ఏం వచ్చింది? ఇద్దరు కొడుకులు పుట్టారు. రాత్రి భోజనాల దగ్గర భార్యాభర్తల మధ్య మాటలే ఉండేవి కావనీ, ఆ నిశ్శబ్దంలో తాను అల్లిక పని చేసుకుంటూ కూర్చునేదాన్ననీ ఆవిడ తన ఆత్మకథలో రాసుకుంది. 1906లో విడిగా ఉండడం మొదలుపెట్టారు, 1921లో విడాకులు. 1926లో క్యాథలిక్ మతపీఠం అసలు ఆ పెళ్ళే చెల్లదని తేల్చింది. అప్పుడు "బలవంతం చేసింది నేనే" అని తల్లి ఆల్వా స్వయంగా సాక్ష్యం ఇచ్చింది. ఆ తల్లే అప్పటికి అమెరికాలో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం పోరాడిన పెద్ద నాయకురాలు. ఎంత విచిత్రమో చూడండి.

పెళ్ళి చెల్లదన్నారు కానీ, ఆ డబ్బుతో బాగుపడిన గోడలు మాత్రం అలాగే నిలబడ్డాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బంధువుల్లో ఒక సంబంధం ఈమధ్య సరిగ్గా ఇక్కడే చిక్కుకుంది. పిల్లలిద్దరూ ఇంగ్లండులోనే ఉద్యోగాలు. అక్కడే ఏదైనా పాత భవనంలో చిన్న పెళ్ళి అనుకున్నారు. మగపెళ్ళివారు "మేం కట్నం అడగలేదు కదా, ఆ భవనం అద్దె మీరు చూసుకోండి" అన్నారు. పిల్ల తండ్రి పొలం అమ్మే ఆలోచనలో పడ్డాడు. మన దేశంలో 1961లోనే కట్నం నేరమని చట్టం చేశారు. పేరు మార్చి "వెన్యూ" అంటే అది కట్నం కాకుండా పోతుందా?

ఇంకో సంగతి. ఇంగ్లండులో ఇలాంటి భవనాల్లో చట్టబద్ధంగా పెళ్ళి చేసుకునే వీలు వచ్చిందే 1995 నుంచి. అంతకుముందు చర్చి లాంటి ప్రార్థనాలయాలో, రిజిస్ట్రారు ఆఫీసో తప్ప వేరే దారి దాదాపు లేదు. ఇప్పటికీ రిజిస్ట్రారు ముందు జరిగే తంతులో మంత్రాలు, దేవుడి పాటలు కుదరవు. ఇద్దరు సాక్షులు కావాలి. కనీసం 29 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పెళ్ళి కోసమే ఇండియా నుంచి వెళ్ళే వధూవరులకు ప్రత్యేక వీసా ఉంటుంది. తాళి, తలంబ్రాలు, సప్తపది వేరుగా పెట్టుకోవాలి. హోమానికి నిప్పు రాజేయనిస్తారా, పసుపు అక్షింతలు రాతి నేల మీద పడితే ఒప్పుకుంటారా అని అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి.

వీటన్నిటికన్నా ముందు అడగాల్సినవి రెండు. ఈ ఖర్చు ఎవరి జేబులోంచి ఎంతెంత? ఈ చోటు, ఈ పెళ్ళి పిల్లకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా? డబ్బు లెక్క ఇరువైపులవాళ్ళూ కూర్చుని కాగితం మీద వేయండి. రెండో ప్రశ్న మాత్రం పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, అమ్మే అడగాలి. కాన్సువేలోను ఆ ప్రశ్న అడగాల్సిన మనిషే అడగలేదు.