పాపము, నేరము: ఇంగ్లండు క్రైస్తవ సంఘములో ఒక వివాదము

పాపమైన ప్రతి పనియు నేరము కావలెనా? ఈ ప్రశ్న చాల పాతది. అసూయ పాపమని అన్ని మతములును చెప్పును. కాని అసూయాపరుని చెఱలో వేయుమని ఏ రాజును శాసింపలేదు. వ్యభిచారము మహాపాపమని బైబిలు ఘోషించుచున్నను, ఆధునికకాలపు ఇంగ్లండులో దానికి చెఱసాల లేదు. స్త్రీలయందలి స్వలింగసంపర్కమును ఆ దేశపు చట్టము ఎన్నడును నేరముగా పరిగణింపలేదు. పురుషుల విషయమున మాత్రము నాలుగు వందల ఏండ్లకు పైబడి పాపమును నేరమును పెనవేసికొనిపోయినవి. ఆ ముడిని విప్పవలెనని పట్టుబట్టిన వారిలో ఆ దేశపు మతగురువులే కొందరుండుట వింతగా తోచును. వారి చరిత్రను మేమిచ్చట కొంత వివరింపదలచితిమి.

ముడి వేసినవాడు ఎనిమిదవ హెన్రీ. అంతకుముందు ఇట్టి దోషముల విచారణ సంఘపు న్యాయస్థానములకు చెందియుండెను. 1533వ సంవత్సరమున హెన్రీ దానిని రాజన్యాయస్థానముల క్రిందికి తెచ్చి మరణశిక్ష విధించెను. ఈ నేరమునకు ఇంగ్లండులో కడపటిసారి ఉరితీయబడినవారు ఇద్దరు. అది 1835 నవంబరులో న్యూగేటు కారాగారము ముంగిట జరిగెను. 1861లో మరణశిక్ష తొలగెను. కాని 1885లో లబూషేరు అను పార్లమెంటు సభ్యుడు వేరొక బిల్లునకు ఒక సవరణను చేర్పించెను. ఏకాంతమున జరిగిన చర్యయైనను, దానిని ‘అసభ్య ప్రవర్తన’ క్రింద చేర్చి రెండేండ్ల కఠినశిక్ష విధించుట కది వీలు కల్పించెను. రహస్యము తెలిసిన ప్రతి దుర్మార్గునకును అది ధనార్జన సాధనమయ్యెను.

ఆ సవరణకు చిక్కిన ప్రసిద్ధ పురుషుడు నాటకకర్త ఆస్కారు వైల్డు. ఆయన కథ మన పాఠకులకు క్రొత్తది కాదు. ఆయనకు జామీను నిలిచిన పాదిరీ కథ అంతగా తెలియదు. 1895 మేనెల మొదటి దినమున జూరీ ఏకాభిప్రాయమునకు రాలేకపోవుటచే, పునర్విచారణ వరకు ఐదువేల పౌనుల జామీనుపై వైల్డును విడుచుటకు అనుమతి లభించెను. అందు సగము ఆయన స్వంత పూచీ. మిగిలిన సగమునకు ఇద్దరు పూచీదారులు కావలసివచ్చిరి. నిన్నటివరకు ఆయన విందులకెగబడిన మిత్రులలో పెక్కుమంది అప్పటికే కనుమరుగైపోయిరి. అట్టి సమయమున ముందునకు వచ్చినవాడు స్టీవర్టు హెడ్లాము అను ఆంగ్లికన్ పాదిరీ. అతనికి వైల్డుతో పరిచయము బహుస్వల్పము. ఇతడు నాటకశాలలను సమర్థించుచు ఉపన్యసించి, తత్ఫలితముగా 1878లో తన కొలువును పోగొట్టుకొన్నవాడు. బీదలపక్షము వహించి బిషప్పుల ఆగ్రహమునకు గురియైనవాడు. తాను పూచీపడినది వైల్డు శీలమునకు కాదనియు, విచారణదినమున అతడు న్యాయస్థానమునకు వచ్చునన్న మాటకు మాత్రమేననియు హెడ్లాము వివరించెను. ప్రతిదినమును ముద్దాయిని తానే వెంటబెట్టుకొని న్యాయస్థానమునకు పోవుచుండెను. జనులు అతనిని తిట్టిరి, బెదరించిరి.

రెండేండ్ల శిక్ష ముగిసిన పిమ్మట, 1897 మే 19వ తేదీ తెల్లవారుజామున పెంటన్విల్లు చెఱసాల వాకిట వైల్డుకొఱకు బండితో వేచియున్నవారిలో హెడ్లాము ఒకడు. అచ్చటినుండి అతనిని తన ఇంటికి తీసికొనిపోయెను. ఆ ఇంటిలో కూర్చుండియే వైల్డు, తనను ఆరుమాసములు తమ ఆశ్రమమున ధ్యానవాసమునకు చేర్చుకొనవలసినదని లండనులోని జెస్యూట్ ఫాదరీలకు లేఖ వ్రాసి పంపెను. అట్లు తలచినదే తడవుగా చేర్చుకొనుట పొసగదనియు, కనీసము ఒక యేడాది ఆలోచింపవలెననియు బదులు వచ్చెను. వైల్డు వెక్కివెక్కి యేడ్చెను. ఆ రాత్రియే ఓడయెక్కి ఫ్రాన్సునకు పోయెను. మరల స్వదేశమున అడుగిడలేదు. ఆ ఫాదరీలు తమ నియమమును పాటించిరనుట నిజమే. అయినను అదే దినమున ఒక క్రైస్తవుని వాకిలి తెరచియుండుటయు, మఱియొక వాకిలి మూసియుండుటయు మేము మరువజాలము.

అర్ధశతాబ్దము గడచెను. 1950 తరువాత ఇట్టి అభియోగములు మెండయ్యెను. ప్రముఖులు కొందరు చెఱపాలైరి. అప్పుడు ఆంగ్లికన్ సంఘమునకు చెందిన నైతికసంక్షేమ సమితి ఈ సమస్యను పరిశీలించి, 1954లో ఒక చిన్న పొత్తమును ప్రకటించెను. పెద్దల నడుమ ఏకాంతమున జరుగు చర్య పాపమే కావచ్చును గాని నేరము కానక్కరలేదని దాని సారాంశము. ఆ సమితిలో పనిచేసిన డెరిక్ షెర్విన్ బెయిలీ అను పాదిరీ 1955లో ఒక గ్రంథమును వ్రాసెను. సొదొమ పట్టణము దగ్ధమైనది అతిథులను అవమానించినందుకే గాని స్వలింగసంపర్కము చేత కాదని ఆయన వాదము. ఆ కథలో వచ్చు ‘ఎరుగుట’ అను అర్థముగల హీబ్రూ క్రియ పాతనిబంధనలో 943 తావుల వచ్చుననియు, అందు సంభోగార్థము స్పష్టముగా కలవి పదియే ననియు ఆయన లెక్కవేసెను. సొదొమ పాపము గర్వము, తిండిపుష్టి, బీదలయెడ నిర్దయ అని యెహెజ్కేలు ప్రవక్త చెప్పుటయు ఆయన పక్షమునకు బలము. ఆ వాదము సంపూర్ణముగా నిలుచునని మేమనజాలము. ఆ కథలోని మూక ఉద్దేశమేమో సందర్భమునుబట్టి ఊహించుట కష్టము కాదు. కాని చట్టమునకు మూలమని అందరును నమ్మిన కథనే ఒక పాదిరీ తిరిగి తరచిచూచుట సాహసమే.

1954 ఆగస్టులో ప్రభుత్వము సర్ జాన్ ఊల్ఫెండెన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. వేశ్యావృత్తియు ఆ సంఘపు విచారణలోనిదే. సంఘములోని స్త్రీలు నొచ్చుకొందురేమోనని, స్వలింగానురాగులను ‘హంట్లీ’ అనియు వేశ్యలను ‘పామరు’ అనియు, ఒక బిస్కత్తుల కంపెనీ పేరును రెండుగా చీల్చి వాడుకొనిరట! అరువదిరెండు దినములు సమావేశమై, వారు 1957 సెప్టెంబరులో నివేదిక నిచ్చిరి. ఇరువదియొక్క యేండ్లు నిండినవారు పరస్పరసమ్మతితో ఏకాంతమున చేయు చర్య నేరము కారాదనిరి. సంఘములో మతాచార్యులిద్దరుండిరి; ఇద్దరును సమ్మతించిరి. ఈ విషయమున భేదించినవాడు జేమ్సు అడైర్ ఒక్కడే. అతడు స్కాట్లండు సంఘపు పెద్ద, పూర్వము ప్రభుత్వాభియోక్త. శిక్ష తొలగించినచో, రాజ్యమే ఆ పనిని మెచ్చినట్లు జనులు తలతురని అతని భయము. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. సామాన్యుడు నీతిని చట్టమునుండియే నేర్చుకొను సందర్భములు కలవు.

కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఫిషరు నివేదికను సమర్థించెను. పాపము వేరు, నేరము వేరు. మనుజుని అంతరంగమున చట్టము చొరరాని చోటు కలదని ఆయన పలికెను. 1957 నవంబరులో సంఘమహాసభ ఈ విషయమును చర్చించి 155 ఓట్లకు 138 ఓట్లతో ఆమోదించెను. తేడా పదునేడు! రోమను కథలికుల పక్షమున కార్డినల్ గ్రిఫిన్ నియమించిన ఉపసంఘము అంతకుముందే, 1956లో, ఇట్టి తీర్పునే చెప్పియుండెను. మెథడిస్టులు 1958లో అంగీకరించిరి. స్కాట్లండు సంఘము నిరాకరించెను. 1963లో క్వేకరులు కొందరు కలిసి ప్రకటించిన పొత్తము అందరికంటె ముందునకు పోయెను. దానిలో స్వలింగానురాగమును ఎడమచేతివాటముతో పోల్చిరి. అనురాగమును దాని గుణమునుబట్టియే తూచవలెననిరి. ఇతరులు చెఱసాలను గూర్చి మాత్రమే మాటలాడుచుండగా, వీరు పాపమను మాటనే పునర్విచారణకు తెచ్చిరి.

పార్లమెంటు వెనుకాడెను. 1960లో దిగువసభ ఆ సూచనను 213 ఓట్లకు 99 ఓట్లతో తిరస్కరించెను. 1965లో ఆరన్ ప్రభువు ఎగువసభలో బిల్లు తెచ్చినప్పుడు, ఫిషరు తరువాత ఆర్చిబిషప్పైన రాంసే దానిని సమర్థించెను. ఆ చర్యలు తప్పేయని మాత్రము విడువక చెప్పెను. 1967 జూలై 27వ తేదీన చట్టమయ్యెను, ఇంగ్లండు వేల్సులకు మాత్రమే. స్కాట్లండు 1980 వరకును, ఉత్తర ఐర్లండు 1982 వరకును వేచియుండవలసివచ్చెను. బిల్లు నెగ్గిన వేళ ఆరన్ ప్రభువు, విముక్తులైనవారు ఆర్భాటము చేయక అణకువతో మెలగి కృతజ్ఞత చూపవలెనని కోరెను. కృతజ్ఞత ఎవరు ఎవరికి చూపవలెనో మాకు తోచుటలేదు.

ఈ చరిత్రతో మనకును సంబంధము లేకపోలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఆంగ్లేయుల చేతిపనియే. 1862 జనవరి నుండి మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలయందును అది అమలయ్యెను. ఇంగ్లండు తన చట్టమును మార్చుకొనునాటికి మనకు స్వాతంత్ర్యము వచ్చి ఇరువదియేండ్లు కావచ్చెను. కావున ఆ మార్పు మనకు అంటలేదు. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2009లో ఊల్ఫెండెన్ నివేదికను ప్రస్తావించుచు ఆ సెక్షనును కుదించెను; 2013లో సుప్రీముకోర్టు దానిని పునరుద్ధరించెను; 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు సమ్మతిగల పెద్దల విషయమున దానిని కొట్టివేసిరి. ఆ విచారణలో సెక్షను నిలువవలెనని వాదించినవారిలో కొన్ని క్రైస్తవ సంస్థలు నుండెను. ఫిషరు, రాంసేల వాదము ఆరు దశాబ్దముల పిమ్మటను వారికి రుచింపలేదు.

ఇంగ్లండులో నేరపు ముడి వీడెనుగాని పాపపు ముడి వీడలేదు. ప్రపంచమందలి ఆంగ్లికన్ బిషప్పులు 1998లో లాంబెత్తు సభయందు 526 ఓట్లకు 70 ఓట్లతో స్వలింగసంపర్కము లేఖనవిరుద్ధమని తీర్మానించిరి. 45 మంది తటస్థులు. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘపు మహాసభ, స్వలింగదంపతులకు ఆశీర్వాదప్రార్థనలు చేయు ప్రతిపాదనను చర్చించెను. గుడిలో వివాహము అందులో లేదు. బిషప్పుల సభలో 36 మంది ఔననిరి, నలుగురు కాదనిరి. గృహస్థ సభ్యుల సభలో 103 మంది అనుకూలురు, 92 మంది ప్రతికూలురు. ఐదుగురు ఏ పక్షమునను చేరలేదు.